పదిహేనేళ్ల గొంతు



సినిమా కథతో పనిలేదు. కచేరీ కట్టుబాట్లు లేవు. మూడు నిమిషాల్లో ముగిసే పాట. అది ఇంటింటా మోగాలి, నలుగురి నోటా పడాలి, పాడిన పిల్ల ముఖం చూడకపోయినా గొంతు వినగానే పోల్చుకోవాలి. పాప్ పాట అంటే ఇదే అయితే, మన తెలుగులో ఆ పాట పాడిన మొదటి పిల్లల్లో రావు బాలసరస్వతీదేవి గారిని చెప్పుకోవాలి. 1928లో పుట్టారు. ఆరేళ్లకే హెచ్ఎంవీ కంపెనీకి గ్రామఫోన్ రికార్డు ఇచ్చారు. పదిహేనేళ్లకి, తెర మీద ఒకరు పెదవులు కదిపితే వెనక నుంచి పాడిన తొలి తెలుగు గాయనిగా పేరు పొందారు. ఆ మరుసటి ఏడు పెళ్లయింది. 2025 అక్టోబరులో, 97 ఏళ్ల వయసులో హైదరాబాదులో కన్నుమూశారు.

అంత పెద్ద జీవితంలో పాటకి దొరికిన కాలమెంత అన్నది నన్ను చాలాకాలంగా పట్టుకున్న ప్రశ్న. నేను పెరిగిన చోటు వల్ల కూడా కావచ్చు.

నేను ముంబైలో కామాటిపుర పిల్లని. ఈ మాట నిబ్బరంగా చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. బడిలో ఇల్లెక్కడ అని అడిగితే మేం నాగ్‌పాడా అనేవాళ్లం, లేదంటే ముంబై సెంట్రల్ అనేవాళ్లం. మా వాళ్లు ఎప్పుడో పద్దెనిమిదో శతాబ్దం చివర్లో, నిజాం రాజ్యపు తెలుగు జిల్లాల నుంచి కూలికి వచ్చినవాళ్లు. వర్లీ దగ్గర సముద్రానికి అడ్డుకట్ట పడ్డాక ఇక్కడి పల్లపు నేల ఆరింది. ఆ నేల మీద గుడిసెలు వేసుకుని, ఊరంతటికీ రాళ్లు మోశారు, సున్నం కలిపారు, గోడలు లేపారు. ఆ కామాటీల పేరే పేటకి మిగిలింది. తర్వాత వచ్చిన పద్మశాలీలు బట్టల మిల్లుల్లో చేరి వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి చాళ్లలో నిండిపోయారు. తెల్లదొరల కాలంలో కామాటిపురలో కొన్ని గల్లీలు వేశ్యావాడలయ్యాయి. లోకానికి ఆ గల్లీలే గుర్తున్నాయి. పక్క గల్లీలో బీడీలు చుట్టిన ఆడవాళ్లు, మేస్త్రీలు, మిల్లు కార్మికులు ఎవరికీ గుర్తులేరు.

మా పేట చుట్టూ ఎప్పుడూ పాటే. ఒక పక్క ఫాక్‌లండ్ రోడ్డు. దానికి ఇప్పుడున్న పేరు పఠ్ఠే బాపూరావు మార్గ్. ఆయన మరాఠీ తమాషాకి పాటలు కట్టిన కవి. ఆ దాపునే పీలా హౌస్ థియేటర్లు. ఇంకో పక్క ఫోరస్ రోడ్డులో ముజ్రా పాడే ఇళ్లు ఉండేవి. హార్మోనియం, తబలా రాత్రి పొద్దుపోయేదాకా వినబడేవి. ఇంత పాట మధ్య ఉండి కూడా మా ఇళ్లలో ఆడపిల్ల గొంతెత్తితే పెద్దవాళ్లకి గుండె ఝల్లుమనేది. "గింత పెద్దగ పాడుతవేందే? రోడ్డు దాక ఇనొస్తది," అనేది మా అమ్మ. పాట అంటే ఆమెకి ప్రాణం. ఆమె భయమంతా ఇంటి చిరునామా గురించే. ఈ పేటలో పాడే ఆడదంటే బయటివాళ్లు ఏ గల్లీ లెక్కలో వేస్తారో ఆమెకి తెలుసు.

ఒక్క బతుకమ్మ తొమ్మిది రోజులే మాకు సెలవు. దాదర్ పూల మార్కెట్ నుంచి బంతి, చామంతి వచ్చేవి. తంగేడు, గునుగు మాత్రం ఊరి బస్సులో రావాల్సిందే. గునుగు సగం దారిలోనే వాడిపోయేది. అయినా పేర్చేవాళ్లం. చాలు మధ్య ఖాళీ జాగాలో బతుకమ్మలు పెట్టి, చుట్టూ తిరుగుతూ, చప్పట్లు చరుస్తూ గొంతు నొప్పిపుట్టేదాకా పాడేవాళ్లం. ఆ తొమ్మిది రోజులూ ఎవరూ నోరు మూయమనలేదు.

బాలసరస్వతీదేవి గారి గొంతు మా ఖోలీలోకి, అంటే మా గదిలోకి, వచ్చింది మా నాయనమ్మ పెట్టె ద్వారా. మా తాత మిల్లు బోనసు చేతికొచ్చిన ఏడు చోర్ బజార్లో పాత గ్రామఫోన్ కొన్నాడట. దాంతోపాటు కొన్ని ప్లేట్లు. నాకు తెలివొచ్చేసరికి యంత్రం మూలపడిపోయింది, ప్లేట్లు మాత్రం గుడ్డలో చుట్టి పెట్టెలో ఉండేవి. లక్క ప్లేట్లు. నల్లగా, బరువుగా, అంచు పట్టుకుంటే చల్లగా ఉండేవి. మీద కుక్క బొమ్మ. నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది, పక్కకి మూడు నిమిషాల పాట. మా నాయనమ్మకి తెలుగు చదవడం రాదు. కానీ ఏ ప్లేటు మీద ఏ పాటుందో గీతల మందం చూసి చెప్పేది. ఆ పాటలు తనే పాడి వినిపించేది, బీడీలు చుడుతూ. ఒళ్లో చాట, చాటలో తునికాకు, పక్కన కత్తెర. ఆకుని కొలతకి కత్తిరించి, చిటికెడు తంబాకు పరిచి, వేళ్ల మధ్య దొర్లించి దారం చుట్టే ఆ పని లయలోనే పాట సాగేది. గొంతు తగ్గించి పాడేది, పక్క ఖోలీకి వినబడకుండా.

ఆ ప్లేట్లలో పాడిన పిల్ల వయసెంతో నాకు పెద్దయ్యాక తెలిసింది.

వెంకటగిరిలో పుట్టి గుంటూరులో పెరిగారు బాలసరస్వతీదేవి గారు. అలత్తూరు సుబ్బయ్య గారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. వీణ వచ్చు, పియానో వచ్చు. 1936లో సి. పుల్లయ్య గారు పిల్లలతోనే తీసిన సతీ అనసూయలో ఆమె గంగ. అదే ఏడు కె. సుబ్రహ్మణ్యం గారి అరవ సినిమా భక్త కుచేల. అప్పటికి ఎనిమిదేళ్లు. 1938లో మద్రాసు రేడియో కేంద్రం మొదలైంది. ఆకాశవాణిలో తొలి తెలుగు లలిత సంగీత గాయని అన్న పేరు ఆమెకి దక్కింది. 1940లో గూడవల్లి రామబ్రహ్మం గారి ఇల్లాలు. అందులో సాలూరి రాజేశ్వరరావు గారూ ఆమే నటించారు, పాడారు. ఆయనకి పద్దెనిమిది, ఆమెకి పన్నెండు దాటుతున్నాయి. సినిమా కంటే ఎక్కువగా వాళ్లిద్దరూ కలిసి ఇచ్చిన రికార్డులే తెలుగు దేశాన్ని పట్టి ఊపాయి. లలిత గీతం ఒక అలవాటుగా మన ఇళ్లలో కుదురుకున్నది ఆ జంట వల్లనే అని నేను నమ్ముతాను.

ఆమె గొంతులో ఒక తీరుంది. త్యాగరాజ కీర్తన పాడినంత శుద్ధంగా స్వరం పడుతుంది, కానీ గమకం బరువు వేయదు. పదం చివర చిన్నగా వదిలేస్తుంది. వినేవాడికి, ఇది నేనూ పాడగలను అనిపిస్తుంది. పాడి చూస్తే తెలుస్తుంది ఎంత కష్టమో. కచేరీ విద్వాంసుల మధ్య పెరిగిన పిల్ల పాటని అంత తేలిక చెయ్యడానికి ఎంత సాధన చేసి ఉండాలి! పియానో మెట్ల మీద వేళ్లు తిరిగిన అలవాటు కూడా అందులో ఉందని నాకు అనుమానం.

ఇక్కడ మన ముంబై వాళ్లకి పట్టింపైన సంగతి ఒకటుంది. ఆమె హిందుస్తానీ నేర్చుకున్నది ఈ ఊళ్లోనే, వసంత్ దేశాయ్ గారి దగ్గర. దర్శకుడు శాంతారాం గారి శకుంతల సినిమాకి సంగీతం కట్టిన దేశాయ్ గారు ఆయనే. శాంతారాం గారి రాజ్‌కమల్ స్టూడియో పరేల్లో ఉంది, మన మిల్లు చాళ్ల నడుమ. మా వాళ్లు మగ్గాల హోరులో చెవులు పోగొట్టుకుంటున్న ఊళ్లోనే ఒక తెలుగు పిల్ల గొంతుకి సాన పట్టించుకుంది.

1943లో పి. పుల్లయ్య గారి భాగ్యలక్ష్మి వచ్చింది. భీమవరపు నరసింహారావు గారి సంగీతం. తెర మీద కమలా కోట్నిస్, గొంతు బాలసరస్వతీదేవి గారిది. అప్పటిదాకా మన సినిమాల్లో నటించేవాళ్లే పాడుకోవాలి. గొంతొకరిది, ముఖమొకరిది అయిన రోజు నుంచి మన సినిమా పాట దారే మారిపోయింది. సుశీలమ్మ, జానకమ్మ, చిత్ర, ఎవరు పాడినా ఆ పదిహేనేళ్ల పిల్ల తొక్కిన దారినే.

1944లో కోలంక రాజా గారితో పెళ్లి. తెర మీద కనబడటం ఆగిపోయింది. రాజుగారి ఇంటి కోడలు సినిమాలో వేషం వెయ్యడం ఆ రోజుల్లో జరగని పని. పాట కొన్నేళ్లు సాగింది. 1953 దేవదాసులో ఆమె గొంతు వింటాం. ఆ తర్వాత మెల్లగా అదీ దాదాపు ఆగింది. ఆ పైన సుమారు అరవై ఏళ్లకి మించి బతికారు. సభలకి పిలిచి సత్కారాలు చేశారు, పాత రోజులు అడిగి చెప్పించుకున్నారు. ఆ గొంతు ముదిరి, మాగి, యాభై ఏళ్లప్పుడు ఎలా పాడి ఉండేదో మాత్రం మనకి పెద్దగా దక్కలేదు. ఆ నష్టం ఎవరి ఖాతాలో రాయాలి?

ఒక కుటుంబాన్నో ఒక మనిషినో నిందించడానికి ఇది చెప్పడం లేదు. ఆ రోజుల్లో అన్ని ఇళ్లలో అదే న్యాయం. పక్కనే ఇంకో బతుకు చూడండి. లతా మంగేష్కర్‌కి పన్నెండేళ్లప్పుడు, 1942లో, తండ్రి పోయారు. తల్లి, నలుగురు చిన్నవాళ్లు. 1945లో బొంబాయి వచ్చారు. మా పేటకి కూతవేటు దూరంలో, నానా చౌక్‌లో చిన్న ఇంట్లో ఉన్నారు. ఇల్లు గడవాలంటే ఆ పిల్ల పాడాలి. ఆపేవాళ్లు లేరు, ఆపితే అన్నం లేదు. లతమ్మ పాట ఆగకపోవడానికి ఆమె ప్రతిభ ఎంత కారణమో, ఇంట్లో సంపాదించే మగదిక్కు లేకపోవడం అంత కారణమని నాకనిపిస్తుంది. ఈ మాట అనడానికి నాకు బాధగానే ఉంది.

ఇప్పుడు 1980కి వస్తాను. ఆ ఏడు కుర్బానీ సినిమా వచ్చింది. గ్రాంట్ రోడ్డు చుట్టుపక్కల ఏ ఇరానీ హోటల్ ముందు నిలబడ్డా, ఏ పాన్ దుకాణం దాటినా ఒకటే పాట. పాడింది నాజియా హసన్. కరాచీలో పుట్టి, లండన్‌లో చదువుకుంటున్న పదిహేనేళ్ల అమ్మాయి. ఆ సినిమా తీసిన ఫిరోజ్ ఖాన్ ఆమెని లండన్‌లో ఒక విందులో కలిశాడు. బెంగళూరులో పుట్టి ఇంగ్లండులో పేరు తెచ్చుకున్న బిద్దు ఆ పాట కట్టాడు. మిగిలిన పాటలన్నీ కల్యాణ్‌జీ ఆనంద్‌జీవి. 1981లో ఫిలింఫేర్ ఉత్తమ గాయని అవార్డు ఆ పిల్లకే ఇచ్చారు. అదే ఏడు తమ్ముడు జోహెబ్‌తో డిస్కో దీవానే ఆల్బమ్. ముక్కుతో పాడినట్టుండే సన్నటి గొంతు, ఆలాపనలు లేవు, సాధన చేసిన గొంతు కూడా కాదు. మా వయసు పిల్లలందరికీ మొదటిసారి మాలాంటి గొంతు రేడియోలో విన్నట్టయింది.

మా చాల్లో పై మాళాలో, అంటే పై అంతస్తులో, ఒక అక్క ఉండేది. పదహారేళ్లు. ఆమె పాడితే నాజియా పాడినట్టే. నల్లా దగ్గర బిందె నిండేలోగా పాట మొత్తం పాడేసేది. ముంబైలో వినాయక చవితికి మండపం మండపానికీ ఆర్కెస్ట్రా ఉంటుంది కదా. వాయిస్ ఆఫ్ లత, వాయిస్ ఆఫ్ కిశోర్ అని పేర్లు పెట్టుకుని పాడేవాళ్లు. ఒక ఆర్కెస్ట్రా మాస్టర్ ఆమె పాట విని, గిర్‌గావ్‌లో ఒక మండపంలో పాడించాడు. మేమంతా వెళ్లాం. తెల్ల చమ్కీల పైజామా, ఎవరిదో అడిగి తెచ్చుకున్నది, పొడవైతే లోపలికి మడిచి సేఫ్టీ పిన్నులు పెట్టుకుంది. మొదటి చరణానికి మైకు దూరంగా పట్టుకుంది, రెండో చరణానికి సర్దుకుంది, ఆ పైన జనం కూర్చోలేదు. మళ్లీ మళ్లీ పాడించారు. చేతికి కవరిచ్చారు. చాలా పండగల దాకా ఆమెకి పిలుపులు రావాల్సింది. కానీ మర్నాడు ఎవరో ఆమె తండ్రిని మిల్లు గేటు దగ్గర అడిగారట, మీ పిల్ల ఎక్కడ పాడుతుంది, ఏ గల్లీలో అని. అంతే. ఏడాది తిరక్కుండా నిజామాబాద్ వైపు సంబంధం చూసి చేసేశారు. 

ఇదే ఊళ్లో, ఇవే ఆర్కెస్ట్రాల్లో, ధారావిలో పెరిగిన మన ప్రకాశం జిల్లా అబ్బాయి జనుమల ప్రకాశరావు మిమిక్రీ చేసి, కల్యాణ్‌జీ ఆనంద్‌జీ బృందంలో చేరి, దేశాలు తిరిగి జానీ లీవర్ అయ్యాడు. మనవాడని గర్వపడతాం, పడాలి కూడా. ఆయన రోడ్డు మీద సినిమా పాటలకి డాన్సు చేస్తూ పెన్నులు అమ్మిన సంగతి ఇవాళ స్ఫూర్తిగా చెప్పుకుంటాం. పై మాళా అక్క గిర్‌గావ్ మండపంలో పాడిన సంగతి ఆమె పిల్లలకి కూడా తెలియదు. ఇద్దరి మధ్యా తేడా గొంతులో లేదు, కష్టంలో లేదు.

1982 జనవరిలో మిల్లుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది కార్మికులు. మా బాపు వాళ్లలో ఒకడు. నాజియా రెండో ఆల్బమ్ వచ్చేసరికి మా ఇంటి రేడియో కుదువలో ఉంది. అందుకే ఆ పాటలు నాకు ఇప్పటికీ సరిగ్గా రావు.

నాజియా తర్వాత యంగ్ తరంగ్ చేసింది, హాట్‌లైన్ చేసింది. లండన్‌లో లా చదివింది, ఐక్యరాజ్య సమితిలో పనిచేసింది. 1992లో చివరి ఆల్బమ్. 2000 ఆగస్టు 13న క్యాన్సర్‌తో పోయింది, 35 ఏళ్లకి. అదే ఏడు మన తెలుగులో స్మిత హాయ్ రబ్బా ఆల్బమ్ తెచ్చింది. ఈటీవీ పాడుతా తీయగాలో పాడిన పిల్ల, టీనేజీ దాటుతూనే తెలుగు పాప్ ఆల్బమ్‌తో టీవీల్లో కనబడటం నాకెంత సంతోషమనిపించిందో చెప్పలేను.

అడ్డంకులన్నీ తీరిపోయాయా అంటే, 2021 గుర్తు చేసుకోండి. ఇండియన్ ఐడల్ పన్నెండో సీజన్‌లో విశాఖపట్నం అమ్మాయి షణ్ముఖప్రియ. పసితనం నుంచి పోటీల్లో పాడుతున్న పిల్ల. పాత పాటని తీసుకుని, మధ్యలో యోడలింగ్ పెట్టి, పాశ్చాత్య బాణీలో తిప్పి పాడేది. అందరికీ నచ్చాలని లేదు. నచ్చకపోతే ఓటు వెయ్యకుండా ఉండొచ్చు. కానీ ఇంటర్నెట్‌లో ఆమెని ఎన్ని మాటలన్నారు! పోటీ నుంచి తీసెయ్యాలని కూడా అన్నారు. అదే వయసు అబ్బాయి అరిచి పాడితే ఎనర్జీ అంటారు. ఆ పిల్ల తన తీరు మార్చుకోలేదు. ఆగస్టు 15 నాటి ఫైనల్ దాకా నిలబడి, తన పాటే పాడింది. అప్పటికి రాజుగారి ఇల్లు లేదు, మిల్లు గేటు దగ్గర అడిగే మనిషి లేడు. నువ్విలా పాడకూడదు అని చెప్పే గుంపు మాత్రం ఉంది. దాన్ని లెక్కచెయ్యకుండా పాడినందుకు నేనామెని మెచ్చుకుంటాను.

మా పేటలో ఇప్పుడు బతుకమ్మకి పెద్ద స్పీకర్లు పెడుతున్నారు. పాటలు యూట్యూబ్‌లోంచి. ఆడపిల్లలు డాన్సు చేస్తున్నారు, పాడేవాళ్లు తగ్గారు. మైకు పిల్లల చేతికివ్వండి అని నేను ప్రతి ఏడూ కమిటీ వాళ్లతో పోట్లాడుతున్నాను. ఇస్తున్నారు, కాస్త కాస్త.

ఇంకో మాట. కామాటిపుర పాత చాళ్లు తీసేసి కొత్త టవర్లు కట్టే పథకం ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతిలో ఉంది. ఖోలీలు ఖాళీ చేసేటప్పుడు అటకల మీది సామాను తూకానికి పోతుంది. అందులో లక్క ప్లేట్లు ఉంటే రద్దీవాడికి వెయ్యకండి. చోర్ బజార్లో మటన్ స్ట్రీట్‌కి చేరినా ఎవరో ఒకరు కొంటారు, కానీ ఏ ఇంటివో ఎవరికీ తెలియకుండా పోతాయి. కవరు మీద కొన్నవాళ్ల పేరు, ఆ పాట ఇంట్లో పాడిన ఆడమనిషి పేరు రాసి పెట్టండి. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, బరువుకి పగులుతాయి, పుస్తకాల్లా నిలబెట్టండి. దుమ్ముంటే మెత్తటి గుడ్డ కొద్దిగా తడిపి, గీతల వెంబడే తుడవండి. మధ్యలో ఉన్న కాగితం తడవనివ్వకండి. స్పిరిట్ మాత్రం వాడొద్దు, లక్క కరిగిపోతుంది.